కుర్చీ దిగమనే హక్కు ఎవరిది?

ఇంటర్నెట్ తొలిరోజుల్లో పెత్తనం ఎవరి చేతిలో ఉండేది, వాళ్లను నిలదీసే దారి ఏముండేది అన్న విషయం మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: 1998 జనవరిలో జాన్ పోస్టెల్ ఇంటర్నెట్‌ను ‘హైజాక్’ చేశాడని ఒకచోట చదివాను. అదంతా ఉత్త సాంకేతిక పరీక్షేనని మరోచోట చదివాను. ఏది నమ్మాలండీ?

జవాబు: ముందు ఏర్పాటు ఎలా ఉండేదో చూద్దాం. డొమైన్ పేర్ల వ్యవస్థ మొత్తానికి మొదలు రూట్ జోన్ ఫైలు. డాట్ కామ్ వివరాలు ఏ సర్వర్ల దగ్గర ఉంటాయి, ఫలానా దేశం పేరు వివరాలు ఎక్కడ ఉంటాయి అని చెప్పే చిన్న జాబితా అది. దాన్ని అందరికీ అందించే రూట్ సర్వర్లు 13. వాటికి ‘ఏ’ నుంచి ‘ఎం’ దాకా అక్షరాలే పేర్లు. ‘ఏ’ సర్వర్ నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ చేతిలో ఉండేది. మిగతా 12 సర్వర్లూ ఆ ఫైలుకు నకలు అక్కడి నుంచే దించుకునేవి. ఫైల్లో ఏముండాలో చెప్పే పని మాత్రం పోస్టెల్‌ది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థలో కూర్చుని, అమెరికా రక్షణ శాఖ పరిశోధన నిధులతో ఆయన ఆ పని నడిపేవారు. దాని పేరే ఐఏఎన్ఏ.

జనవరి 28న ఆయన ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు ఒక మెయిల్ పంపారు. ఇకనుంచి ఫైలును ‘ఏ’ సర్వర్ నుంచి కాకుండా తన సర్వర్ నుంచి దించుకోమన్నారు. ఎనిమిది మందీ అలాగే మార్చారు. నాసా, అమెరికా సైన్యం, నెట్‌వర్క్ సొల్యూషన్స్ నడిపే మిగిలిన నాలుగూ పాత దారిలోనే ఉన్నాయి. రెండు చోట్లా ఉన్నది ఒకే ఫైలు కాబట్టి మామూలు వాడుకదారులకు తేడా ఏమీ తెలియలేదు.

మరి గొడవ ఎందుకంటే, ఆ రెండు ఫైళ్లూ ఒకటిగానే ఉంటాయన్న హామీ ఎక్కడా లేదు. ఒకదాంట్లో కొత్త పేరు చేర్చి రెండోదాంట్లో చేర్చకపోతే, మీ సర్వర్ ఎనిమిదింటిలో ఒకదాన్ని అడిగినప్పుడు ఆ పేరు దొరుకుతుంది, నాలుగింటిలో ఒకదాన్ని అడిగినప్పుడు ‘అలాంటి పేరు లేదు’ అని వస్తుంది. వచ్చిన జవాబును మీ సర్వర్ కొంతసేపు తన దగ్గరే దాచుకుంటుంది (దీన్నే క్యాష్ అంటారు) కాబట్టి లోపం ఎక్కడుందో పట్టుకోవడం నిపుణులకు కూడా కష్టం. కొత్త పేర్లు చేర్చే ప్రయత్నమూ అప్పటికే నడుస్తోంది. పోస్టెల్ వైపువాళ్లు 1997 మేలో జెనీవాలో ఒక ఒప్పందం మీద సంతకాలు చేయించి డాట్ వెబ్, డాట్ షాప్ లాంటి ఏడు కొత్త ఎక్స్‌టెన్షన్లకు ఏర్పాట్లు చేసుకున్నారు. అవి రూట్ ఫైల్లోకి ఎక్కలేదు.

అది పరీక్ష అన్నది నిజం. ‘కావాలంటే రూట్‌ను మీ చేతిలోంచి ఇలా తీసేసుకోవచ్చు’ అన్న కబురు అందులో ఉందన్నదీ నిజమేనని మా అభిప్రాయం. వైట్‌హౌస్ సలహాదారు ఐరా మ్యాగజినర్ జోక్యం చేసుకున్నాక సుమారు వారంలో అంతా వెనక్కి మారింది. ఇందులో అసలు గమనించాల్సింది ఆ ఎనిమిది మందిని. వాళ్లను పోస్టెల్ మాట వినమని ఏ కాంట్రాక్టూ చెప్పలేదు, వినొద్దని ఏ చట్టమూ చెప్పలేదు. ఆయన మీద నమ్మకంతో విన్నారు. ఏళ్ల తరబడి ఆ నమ్మకం బాగానే పనిచేసింది. కానీ ఆయన పొరబడితే ఎవరు ఆపాలి, ఆయన లేకపోతే ఎవరు చూడాలి అన్నవి ఎక్కడా రాసిపెట్టి లేవు. అదే ఏడాది అక్టోబర్ 16న ఆయన చనిపోయారు. డొమైన్ పేర్ల వ్యవస్థ బాధ్యత చూడటానికి పెట్టిన ఐకాన్ సంస్థ పుట్టి అప్పటికి 16 రోజులు.

ప్రశ్న: నెట్‌వర్క్ సొల్యూషన్స్ మీద అందరికీ అంత కోపం ఎందుకు? డొమైన్‌కు ఫీజు తీసుకోవడం తప్పా?

జవాబు: ఫీజు తప్పు కాదు. పోటీ లేనిచోట, ప్రభుత్వ ఒప్పందం చాటున, ఎవరితోనూ చర్చించకుండా వచ్చిన ఫీజు కావడం తప్పు. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌తో 1993లో మొదలైన ఒప్పందం కింద ఆ కంపెనీ పేర్లను నమోదు చేసేది. మొదట్లో వాడుకదారు చెల్లించాల్సింది ఏమీ లేదు. 1995 సెప్టెంబర్ నుంచి రెండేళ్లకు 100 డాలర్లు, ఆపైన ఏడాదికి 50 డాలర్లు అన్నారు. అందులో 30 శాతం ఒక ఇంటర్నెట్ నిధికి వెళ్లేది. ఆ 30 శాతం చట్టసభ అనుమతి లేని పన్ను అని 1998లో కోర్టు తేల్చింది. తర్వాత కాంగ్రెస్ చట్టం చేసి దాన్ని ఆమోదించింది. ఈలోగా 1998 ఏప్రిల్‌లో ఆ వాటా ఎత్తేసి ఫీజును రెండేళ్లకు 70 డాలర్లకు దించారు.

డబ్బు కన్నా పెద్ద పాఠం 1997 జులై 17న ఎదురైంది. డాట్ కామ్, డాట్ నెట్ ఫైళ్లు పాడైపోయి తయారయ్యాయి. తనిఖీ వ్యవస్థ హెచ్చరించినా పట్టించుకోకుండా వాటిని బయటికి వదిలేశారు. కొన్ని గంటలపాటు లెక్కలేనన్ని సైట్లు, మెయిళ్లు అందలేదు. అలాంటి తప్పు జరిగితే వినియోగదారు వేరే కంపెనీకి మారిపోదామంటే అప్పటికి రెండో కంపెనీయే లేదు.

ప్రశ్న: ‘రాజులు వద్దు, అధ్యక్షులు వద్దు, ఓట్లూ వద్దు’ అన్నది ఐఈటీఎఫ్ నినాదమట. ఓటు లేకుండా నాయకులను ఎలా ఎన్నుకుంటారు? ఎలా దింపుతారు?

జవాబు: ఈ కథలోకెల్లా బాగా ఆలోచించి కట్టిన భాగం ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాం. ఐఈటీఎఫ్ అంటే ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే ఇంజనీర్ల సంఘం.

ఆ మాట 1992 జులైలో, మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో జరిగిన ఐఈటీఎఫ్ సమావేశంలో డేవిడ్ క్లార్క్ అన్నది. వాటి బదులు ఉజ్జాయింపు ఏకాభిప్రాయం, నడిచే ప్రోగ్రాము ఉంటే చాలన్నారు. అంతకు ముందు నెలలో జపాన్‌లోని కోబేలో ఐఏబీ అనే పెద్దల మండలి సమావేశమైంది. చిరునామాలు అయిపోవస్తున్నాయన్న తొందరలో, ఐపీ అనే చిరునామాల ప్రోటోకాల్ కొత్త రూపానికి, పోటీ ప్రమాణాలు రూపొందించిన ఓఎస్ఐ వర్గపు సీఎల్‌ఎన్‌పీ ప్రోటోకాల్‌ను ఆధారంగా తీసుకుందామని ప్రతిపాదించింది. వర్కింగ్ గ్రూపుల్లో చర్చ ఇంకా నడుస్తుండగానే పైనుంచి నిర్ణయం దిగడంతో ఇంజనీర్లు తిరగబడ్డారు. వాళ్లు ప్రోటోకాల్‌ను మాత్రమే ప్రశ్నించి ఊరుకోలేదు. ‘మిమ్మల్ని నియమించింది ఎవరు? తీసేసేది ఎవరు?’ అని అడిగారు. ఐఏబీ వెనక్కి తగ్గింది. ప్రమాణాలను ఆమోదించే అధికారం, ఏరియా డైరెక్టర్ల (ఒక్కో సాంకేతిక విభాగాన్ని చూసేవాళ్ల) బృందమైన ఐఈఎస్‌జీకి మారింది. నియామకాలు నామినేటింగ్ కమిటీ చేతికి వెళ్లాయి.

ఆ కమిటీలో ఓటు ఉన్న సభ్యులు 10 మంది. వాళ్లు లాటరీలో వస్తారు. చాలాకాలం ఉన్న నియమం ప్రకారం గత అయిదు సమావేశాల్లో కనీసం మూడింటికి హాజరైన వాళ్లు పేరు ఇవ్వగలిగేవారు. ఒకే సంస్థ నుంచి ఇద్దరికి మించకూడదు. ఈ కమిటీ ఎంచిన ఐఈఎస్‌జీ సభ్యులను ఐఏబీ, ఐఏబీ సభ్యులను ఇంటర్నెట్ సొసైటీ బోర్డు ఖాయం చేయాలి. పదవీకాలం రెండేళ్లు.

లాటరీ తీసేది కమిటీ అధ్యక్షుడే అయినా ఆయన్ను నమ్మక్కర్లేని పద్ధతి పెట్టారు. పేర్లిచ్చిన వాళ్లందరికీ వరుస సంఖ్యలు వేసి జాబితాను ముందే ప్రకటిస్తారు. ఫలానా తేదీన తీసే ప్రభుత్వ లాటరీ అంకెల లాంటి, ఎవరూ ముందుగా ఊహించలేని, అందరికీ కనిపించే సంఖ్యలు వాడతామనీ ముందే చెబుతారు. ఆ అంకెలు వచ్చాక ఎండీ5 అనే గణిత ప్రక్రియలో పెడితే ఎంపికైన సంఖ్యలు వస్తాయి. ఎవరైనా ఇంట్లో కూర్చుని అదే లెక్క చేసి సరిచూసుకోవచ్చు.

ఇది చెడేది ఎక్కడంటే, ప్రకటించిన జాబితాను తర్వాత ముట్టుకున్నప్పుడు. అనర్హుడి పేరొకటి దొర్లిందనుకోండి, కొట్టేయడమే న్యాయమనిపిస్తుంది. కానీ ఒక్క పేరు తీస్తే జాబితా పొడవు మారి మొత్తం ఎంపిక తారుమారవుతుంది. అంకెలు తెలిశాక జాబితా మార్చే వీలుంటే ఫలితాన్ని మార్చే వీలు ఉన్నట్టే. అందుకే నియమం ఇలా ఉంది: అనుమానం ఉన్న పేర్లనూ జాబితాలో ఉంచండి, సంఖ్యలు కదపకండి, అనర్హుడు ఎంపికైతే ఆ పేరు వదిలి లెక్కను ఇంకో అడుగు ముందుకు నడపండి. ఇలా చేస్తే తేడా ఆ ఒక్క స్థానానికే పరిమితమవుతుంది. లాటరీ అంకెలు ఏ వరుసలో రాయాలో ముందే చెప్పకపోవడం ఇంకో లోపం. అదే అంకెలతో ఇద్దరికి రెండు ఫలితాలు వస్తాయి.

ఇక దింపడం. కమిటీలో కూర్చోవడానికి అర్హత ఉన్న 20 మంది సంతకాలతో అర్జీ పెట్టాలి. ఇక్కడా ఒకే సంస్థ నుంచి ఇద్దరికి మించకూడదు. అప్పుడు ప్రత్యేక కమిటీ విచారిస్తుంది. దాంట్లో ఓటు వేసిన వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది అవునంటే పదవి పోతుంది. నాయకుడిని దింపకుండా ఒక నిర్ణయం మీద మాత్రమే పోట్లాడాలంటే అప్పీలు దారి ఉంది: వర్కింగ్ గ్రూప్ అధ్యక్షుడు, ఏరియా డైరెక్టరు, ఐఈఎస్‌జీ, ఆపైన ఐఏబీ. నిర్ణయం బయటికి వచ్చిన రెండు నెలల లోపు అడగాలి. 

ప్రశ్న: ఐకాన్ ఒకప్పుడు మామూలు జనంతో ఓట్లు వేయించింది కదా, మళ్లీ ఎందుకు వేయించలేదు?

జవాబు: ఐకాన్ పుట్టుకలోనే నమ్మకం తప్పింది. 1998 వేసవిలో కొత్త సంస్థ ఎలా ఉండాలో తేల్చడానికి రెస్టన్, జెనీవా, సింగపూర్, బ్యూనస్ ఎయిరీస్‌లలో బహిరంగ సమావేశాలు జరిగాయి. అన్నిటినీ కలిపి ముగించాల్సిన చివరి సమావేశం జరగనే లేదు. బైలాలు పోస్టెల్ బృందానికీ నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కూ మధ్య చర్చల్లో తయారయ్యాయి. తొలి డైరెక్టర్లను ఎవరూ ఎన్నుకోలేదు. మొదట్లో బోర్డు సమావేశాలకు తలుపులు మూసే ఉండేవి. 1999లో ఒక్కో డొమైన్ మీద ఒక డాలరు వసూలు చేస్తామనగానే ‘పన్ను వేయడానికి మీరెవరు’ అన్న కేకలు లేచాయి. జులైలో అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణ పెట్టింది, ఐకాన్ ఆ ఆలోచన మానుకుంది.

మొదటి బైలాల ప్రకారం 19 మంది బోర్డులో 9 స్థానాలు సాధారణ సభ్యులవి. 2000 మార్చిలో కైరోలో వాటిని ముందుగా 5కు తగ్గించారు. ఖండానికొకరు చొప్పున అక్టోబర్‌లో ఇంటర్నెట్ ద్వారా ఎన్నిక జరిగింది. సుమారు 1,58,000 మంది పేరు నమోదు చేసుకున్నారు. పిన్ నంబరు ఉత్తరంలో పోస్టు ద్వారా వచ్చేది. దాన్ని సైట్‌లో ఎక్కించి సభ్యత్వం ఖాయం చేసుకున్నవాళ్లు 76 వేల పైచిలుకు. ఓటు వేసింది 34,035 మంది. తాకిడికి సైటు మొరాయించింది. కొన్ని దేశాల్లో ‘మనవాణ్ణి గెలిపిద్దాం’ అన్న సమీకరణ జరిగింది. ఈ లోపాలన్నీ నిజమే. కానీ ఇవి దిద్దుకోగలిగిన లోపాలు. పిన్ పంపే పద్ధతి మార్చొచ్చు, సర్వర్లు పెంచొచ్చు, గడువు పొడిగించొచ్చు. 2002లో చేసిన సంస్కరణ వాటిని దిద్దలేదు, ఎన్నికనే తీసేసి నామినేటింగ్ కమిటీని పెట్టింది. ఐఈటీఎఫ్‌లో ఆ పేరుతో ఉన్నది లాటరీ కమిటీ. ఐకాన్‌లో మాత్రం వివిధ వర్గాలు పంపిన ప్రతినిధుల కమిటీ. ఇది పొరపాటని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ప్రశ్న: గెలిచిన డైరెక్టరే ఐకాన్ మీద కేసు వేశాడట, నిజమేనా?

జవాబు: నిజమే. ఉత్తర అమెరికా నుంచి గెలిచిన కార్ల్ ఆవర్‌బాక్ సంస్థ లెక్కల పుస్తకాలు చూపించమని అడిగారు. గోప్యత నిబంధనల మీద సంతకం పెడితేనే చూపిస్తామంది యాజమాన్యం. లాభాపేక్ష లేని సంస్థల డైరెక్టరుకు అన్ని రికార్డులూ చూసే, నకలు తీసుకునే సంపూర్ణ హక్కు ఉందని కాలిఫోర్నియా చట్టం 6334వ సెక్షన్ చెబుతుంది. 2002 మార్చిలో ఆయన కోర్టుకెళ్లారు, జులైలో గెలిచారు. ఆ ఏడాది చేసిన సంస్కరణ ఆయన స్థానాన్నీ రద్దు చేసింది. ఏ సంస్థ బోర్డులో చేరేవాళ్లయినా ముందు చూసుకోవాల్సింది ఇలాంటి సెక్షనే. సిబ్బంది రాసుకున్న అంతర్గత నియమం చట్టమిచ్చిన హక్కును తగ్గించలేదు.

ప్రశ్న: ఇప్పుడైతే ఐకాన్ బోర్డును దింపగలరా?

జవాబు: దింపగలరు. 2016 అక్టోబర్ 1న ఐఏఎన్ఏ పని మీద అమెరికా ప్రభుత్వ ఒప్పందం ముగిసింది. అంతకు ముందే బైలాల్లో కొత్త అధికారాలు రాశారు. అయిదు వర్గాలు కలిసి బడ్జెట్‌ను, బైలా మార్పులను తిరస్కరించొచ్చు, డైరెక్టర్లను తొలగించొచ్చు. బోర్డునంతా ఒకేసారి దింపాలంటే అయిదింటిలో కనీసం నాలుగు ఒప్పుకోవాలి, ఒకటికి మించి అభ్యంతరం చెప్పకూడదు. ఆ అయిదు వర్గాల్లో సాధారణ వాడుకదారుల తరఫున మాట్లాడే సలహా కమిటీ ఒకటి, ప్రభుత్వాల కమిటీ ఒకటి. నేరుగా జనం వేసే ఓటు మాత్రం 2000 అక్టోబర్ తర్వాత మళ్లీ రాలేదు.