టర్మ్ అయిపోయాక సర్పంచ్‌ని ఎందుకు కొనసాగించరు? స్పెషల్ ఆఫీసర్ ఇచ్చిన పర్మిషన్లు చెల్లుతాయా?

ప్రశ్న: మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక ఊరు. మా నాన్న 2019లో సర్పంచ్‌గా గెలిచారు, 2024 ఫిబ్రవరి మొదట్లో టర్మ్ అయిపోయింది. ఎలక్షన్లు పెట్టకుండా స్పెషల్ ఆఫీసర్ని వేశారు, 2025 డిసెంబర్ దాకా ఆయనే నడిపారు. ఇప్పుడు కొత్త సర్పంచ్ ఆ టైంలో ఇచ్చిన ఇంటి పర్మిషన్లు, చేసిన తీర్మానాలు ఏవీ చెల్లవంటున్నారు. మా నాన్న అప్పు తెచ్చి వేయించిన సీసీ రోడ్డు బిల్లు కూడా నాకు సంబంధం లేదంటున్నారు. ఉక్రెయిన్ ప్రెసిడెంట్ టర్మ్ అయిపోయినా సీట్లో ఉన్నాడు కదా, ఎలక్షన్ దాకా మా నాన్ననే ఉంచితే ఏం పోయేది సార్?

జవాబు: ముందు ఇంటి పర్మిషన్ల సంగతి చెప్తాను, ఊళ్లో ఎక్కువమందికి భయం దాని గురించే ఉంటుంది కాబట్టి. అవి చెల్లుతాయి. ఎన్నికలు జరగనప్పుడు స్పెషల్ ఆఫీసర్ని పెట్టుకునే వీలు రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది, ఆయన ఆ పవర్‌తోనే సంతకం పెట్టాడు. సరే, ఆ నియామకమే తప్పని రేపు ఏదో కోర్టు అన్నదనుకుందాం, అప్పుడు కూడా ఆ కాగితాలన్నీ గాల్లో కలిసిపోవు. దీనికి మన దగ్గరి కేసే ఉంది, 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన గోకరాజు రంగరాజు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీర్పు. కొందరు అడిషనల్ సెషన్స్ జడ్జిల నియామకాలు చెల్లవని అంతకుముందే కొట్టేశారు, దాంతో వాళ్ల చేతుల్లో శిక్ష పడ్డవాళ్లు వచ్చి జడ్జే జడ్జి కానప్పుడు మా శిక్ష ఎలా నిలుస్తుందని అడిగారు. జస్టిస్ చిన్నపరెడ్డి గారు రాసిన ఆ తీర్పులో ఏం తేల్చారంటే, ఆ కుర్చీలో ఉండి, ఆ హోదాలో, ప్రజల పని కోసం చేసినవి నిలబడతాయి, నియామకంలో లోపం తర్వాత బయటపడ్డా సరే. లేకపోతే ఆ ఆఫీసుని నమ్మి వెళ్లిన మామూలు జనం మునిగిపోతారు. కాబట్టి స్పెషల్ ఆఫీసర్ సంతకం ఉందన్న ఒక్క కారణంతో మీ సర్పంచ్ గారు ఎవరి పర్మిషన్నీ రద్దు చేయలేరు. కాకపోతే రోడ్డు స్థలంలోనో చెరువు శిఖంలోనో కట్టుకోమని ఇచ్చిన పర్మిషన్ అయితే అది ఎవరు సంతకం పెట్టినా తప్పే, దానికి ఈ తీర్పు అక్కరకు రాదు.

ఇక మీ నాన్నగారి విషయం. మీ బాధ నాకు అర్థమైంది, కానీ ఆయన్ని కొనసాగించే దారి రాజ్యాంగంలో లేదు. రాష్ట్రపతికి ఐదేళ్లు అయిపోయినా తర్వాతి వ్యక్తి వచ్చి బాధ్యత తీసుకునేదాకా ఉండొచ్చని 56వ ఆర్టికల్‌లో రాసి పెట్టారు. ఉక్రెయిన్‌లోనూ అంతే, వాళ్ల రాజ్యాంగం ప్రకారం కొత్త ప్రెసిడెంట్ వచ్చేదాకా పాతాయనే ఉంటాడు, పైగా యుద్ధం వల్ల మార్షల్ లా నడుస్తోంది, అందులో ఎన్నికలు పెట్టకూడదని వాళ్ల చట్టమే చెప్తోంది, అందుకే 2024 మే 20న ఐదేళ్లు నిండినా జెలెన్‌స్కీ ఉన్నారు. మన దగ్గర ముఖ్యమంత్రులు కూడా ఆపద్ధర్మంగా ఉంటారు, 2018 సెప్టెంబర్‌లో అసెంబ్లీ రద్దు చేశాక కేసీఆర్ గారు డిసెంబర్ దాకా అలా ఉన్నవారే, లోక్‌సభ రద్దయినా మంత్రిమండలి ఉండొచ్చని ఇందిరాగాంధీ మీద వేసిన కేసులో 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పంచాయతీకి మాత్రం 243ఈ ఆర్టికల్ తలుపు మూసేసింది, మొదటి మీటింగ్ తేదీ నుంచి ఐదేళ్లు, అంతకుమించి వద్దు అని ఖరాఖండిగా ఉంది. ఎందుకంటే 1992 ముందు దేశంలో చాలాచోట్ల ఒకసారి ఎన్నికైనవాళ్లు ఏళ్ల తరబడి అలాగే సాగేవాళ్లు, లేదా ప్రభుత్వం తోచినప్పుడు పాలకవర్గాన్ని రద్దు చేసి ఎలక్షన్ ఊసే ఎత్తేది కాదు, ఆ రోగానికి మందుగానే రాజ్యాంగానికి 73వ సవరణ తెచ్చారు. ఫిబ్రవరి తర్వాత మీ నాన్నగారు ఒక్క చెక్కు మీద సంతకం పెట్టినా గడువు తీరిందని తెలిసీ పెట్టినట్టే, రేపు ఆడిట్‌లో ఆ డబ్బు ఆయన నెత్తినే పడేది. ఉంచకపోవడం ఒకరకంగా ఆయనకే మంచిదైంది.

మరి తప్పెవరిది అంటే ప్రభుత్వాలదే. అదే 243ఈ గడువు తీరకముందే ఎన్నిక పూర్తవ్వాలని కూడా చెప్తోంది. ఆరు నెలలు టైం ఉంటుందని చాలామంది ఆఫీసర్లు కూడా అంటుంటారు, అది మధ్యలో పాలకవర్గం రద్దయినప్పటి మాట, గడువు తీరినప్పుడు ఆరు నెలలు కాదు ఆరు రోజులు కూడా లేదు. అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో (కిషన్‌సింగ్ తోమర్, 2006) సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ ప్రకృతి విపత్తో, పెద్ద అల్లర్లో తప్ప వాయిదాకి సాకులు కుదరవని చెప్పింది, ఓటర్ల లిస్టు, వార్డుల విభజన లాంటివి ముందే చేసుకోవాల్సిన పనులంది. రిజర్వేషన్ లెక్కలు తేలలేదని ఎన్నికలు ఆపొద్దని 2022లో మధ్యప్రదేశ్ కేసులోనూ సుప్రీంకోర్టే చెప్పింది. అయినా తెలంగాణలో దాదాపు 22 నెలలు గడిచాయి, 2025 జూన్‌లో హైకోర్టు సెప్టెంబర్ 30 లోపు పూర్తి చేయమంటే అదీ దాటింది, 42 శాతం బీసీ రిజర్వేషన్ జీవో మీద అక్టోబర్‌లో స్టే వచ్చాక 50 శాతం లోపు రిజర్వేషన్లతో డిసెంబర్ 11, 14, 17న పెట్టారు. ఆంధ్రలో 2018 ఆగస్టులో గడువు తీరితే 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు, ఏ పార్టీ ఉన్నా ఇదే వరస. దీనికి శిక్ష పడింది ఊళ్లకి, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావాల్సిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి, ట్రాక్టర్ డీజిల్‌కి సెక్రటరీలు జేబులోంచి పెట్టుకున్న ఊళ్లున్నాయి. నాకు ఇది చాలా కోపం తెప్పించే విషయం, మురికి కాలవ తీయకపోతే నిలదీయడానికి ఊళ్లో మనం ఓటేసిన మనిషి లేకుండా రెండేళ్లు నడపడం చిన్న విషయం కాదు. ఇంకోటి, ఆ రెండేళ్లు కొత్తవాళ్ల టర్మ్‌లోంచి కోస్తారని కూడా కొందరు అంటున్నారు, కొయ్యరు, వాళ్ల మొదటి మీటింగ్ నుంచి పూర్తి ఐదేళ్లు ఉంటాయి.

సీసీ రోడ్డు బిల్లు గురించి కొత్త సర్పంచ్ అన్నది తప్పు. ఆ అప్పు మీ నాన్నగారి హయాందో ఈయన హయాందో కాదు, పంచాయతీది, సర్పంచులు మారినా పంచాయతీ అనే సంస్థ మారదు. కానీ మీరు తొందరపడాల్సింది ఇక్కడే. చేసిన పని డబ్బుల కోసం సివిల్ కోర్టుకి వెళ్లాలంటే మామూలుగా పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లే గడువు. పని ఎప్పుడు పూర్తయిందో ఎంబీలో (పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, రికార్డ్ చేసిన తేదీ చూడండి. ఆ మూడేళ్లు ఇంకా దాటకపోతే, బిల్లు బాకీ ఉందని పంచాయతీ నుంచి సంతకంతో ఒక్క లెటర్ తీసుకున్నా ఆ లెటర్ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి, అందులో ఎంత బాకీయో రాయకపోయినా ఫరవాలేదు. పాలకవర్గం తీర్మానం, టెక్నికల్ శాంక్షన్, ఎంబీ, పని ఫొటోలు, ఈ నాలుగు కాపీలు ఇవ్వకపోతే ఆర్టీఐలో అడగండి. తర్వాత డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) గారికి, కలెక్టర్ గారికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి, కదలిక లేకపోతే లాయర్ నోటీసు, ఆ తర్వాత హైకోర్టులో రిట్. రిట్‌కి లెక్క ప్రకారం మూడేళ్ల గడువు లేకపోయినా ఆలస్యం ఎందుకైందని జడ్జి గారు కచ్చితంగా అడుగుతారు, కాబట్టి ఎంబీ తేదీ ఈ వారంలోనే చూసుకోండి.