బుజ్జికి, పళ్లెం కొనే ముందు

బుజ్జీ,

నీ మొదటి జీతంతో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత చైనా పింగాణీ కొంటావని అక్క ఫోన్ చేసింది. "నీ పిచ్చి దానికీ అంటించావు" అని నన్నే తిట్టింది. సరేలే అన్నాను గానీ, సంతోషమో టెన్షనో, రాత్రంతా నిద్రపట్టలేదు.

రసీదు లేనిది కొనకు. అడుగున రాసిన చక్రవర్తి పేరు నమ్మకు. కాంగ్షీ చక్రవర్తి కాలంలోనే (1662–1722) రెండు వందల ఏళ్ల కిందటి చెంగ్హువా చక్రవర్తి ముద్ర వేసేవాళ్లు. ఎగుమతి సరుకులో చాలావాటికి అసలు ముద్రే ఉండదు. విల్లో చెట్టు, వంతెన, రెండు పిట్టలు కనబడితే అది ఇంగ్లండ్‌లో అచ్చేసిన బొమ్మ కావచ్చు. కుంచెతో వేసిన నీలమైతే ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది.

ఇక నా ఘనకార్యం. 1988 డిసెంబర్, లండన్‌లో ఒక సంత. తామరపూల కాంగ్షీ పళ్లెం, అంచున ఒక్క నెర్రె కూడా లేదు. గోటితో కొట్టి మోత వినాలని కూడా తోచలేదు. సంక్రాంతికి ఊరెళ్లే టికెట్ డబ్బు తీసి ఇచ్చేశాను. ఇంటికొచ్చి, మురికి వదలాలని వేడినీళ్లలో నానబెట్టాను. కాసేపటికి నీళ్లు తెల్లబడ్డాయి. పళ్లెం ఎత్తితే అరచెయ్యంత అంచు మెత్తబడి చేతికొచ్చింది. ప్లాస్టర్ నింపి, నీలం రంగేసి, పైన వార్నిష్ పూశారు. తామరపువ్వు సగం నా వేళ్లకే అంటుకుంది. మరుసటి వారం వెళ్తే ఆ బల్ల మీద ఎవరో దుప్పట్లు అమ్ముతున్నారు.

"సెలవు దొరకలేదమ్మా" అని మీ అమ్మమ్మకి ఉత్తరం రాశాను. ఆవిడ అరిసెలు డబ్బాలో పెట్టి పంపింది. పొడిపొడిగా చేరాయి. ఆ పళ్లెంలోనే, విరిగినవైపు అవతలికి తిప్పుకుని తిన్నాను. మీ అమ్మకి ఇది తెలీదు. చెప్పావంటే ఊరుకోను.

అందుకే, తల్లీ, ఒక యూవీ టార్చి కొనుక్కో. చీకట్లో వేస్తే అతుకు మీది రంగు చాలాసార్లు వేరేగా మెరుస్తుంది. మొహమాటపడకు, అమ్మేవాడి ముందే వెయ్యి.

మీ ఊళ్లో గెల్డర్‌మాల్సెన్ ఓడ గిన్నెలు ఇంకా దొరుకుతాయి. 1752లో మునిగిన డచ్చి ఓడ అది. అందులోంచి తీసిన లక్షకు పైగా పింగాణీ వస్తువుల్ని 1986లో అక్కడే వేలం వేశారు. అడుగున వేలం చీటీ ఉంటే శుభ్రం చేస్తున్నానని పీకెయ్యకు, దాని జాతకం అదే. ఉప్పునీటికి మెరుపు పోయి ఉంటే మాత్రం ధర తగ్గించమని గట్టిగా అడుగు.

సంక్రాంతికి టికెట్ తీశావా? ముందు దాని ఫోటో పంపు. తర్వాత పళ్లెం అడుగు ఫోటో, పగటి వెలుతురులో తీసి.

మీ మామయ్య