సోలార్ హీటర్‌లో రేకు చల్లగానే ఉండాలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీళ్లు కాచే సోలార్ హీటర్ సొంతంగా కట్టడానికి రాగి రేకా, అల్యూమినియమా, గొట్టాలు నిచ్చెనలా పెట్టాలా, పాములా మెలికలు తిప్పాలా అని అడిగావు. వాటికంటే ముందు ఒక సంగతి పట్టుకో. అబ్జార్బర్ రేకు, అంటే ఎండను పీల్చి గొట్టాల్లోని నీళ్లకిచ్చే నల్ల రేకు, చెయ్యి పెడితే చుర్రుమంటే బాగా పనిచేస్తోందని చాలామంది మురిసిపోతారు. లోపల నీళ్లు పారుతున్నా రేకు అలా కాలిపోతోందంటే వేడి నీళ్లలోకి దిగడం లేదన్నమాట. దిగని వేడి అద్దం గుండా గాలిపాలవుతుంది. రేకు నీళ్లకంటే ఓ 10 డిగ్రీలు ఎక్కువుంటే సరే. 30 ఉందంటే ఎక్కడో అడ్డం పడింది.

లోహం గురించి మరీ మథనపడకు. వేడిని మోయడంలో రాగి అల్యూమినియంకి దాదాపు రెట్టింపు, ఇనుముకి ఏడెనిమిది రెట్లు. కానీ మందం పెంచితే ఆ తేడా పూడిపోతుంది. ఒకే అద్దం ఉన్న పెట్టెలో గొట్టానికీ గొట్టానికీ మధ్య 12 సెంటీమీటర్లు అనుకో. 0.2 మిల్లీమీటర్ల రాగి రేకు ఫిన్ సామర్థ్యం (గొట్టాల మధ్య రేకు తన వేడిని గొట్టందాకా ఎంత బాగా చేరవేస్తుందన్నది) 94 శాతం వస్తుంది, 0.5 మిల్లీమీటర్ల అల్యూమినియంది 95. అదే 0.5 ఇనుప రేకు 84 దగ్గర ఆగిపోతుంది. గొట్టాలు ఆదా చేద్దామని దూరం 20 సెంటీమీటర్లకు పెంచావా, ఆ రాగి రేకూ 84కే పడిపోతుంది. కాబట్టి గొట్టాలు రాగివి, రేకు అల్యూమినియంది పెట్టుకో.

అసలు పని చెడేది రేకూ గొట్టమూ కలిసేచోట. అక్కడ 0.1 మిల్లీమీటరు గాలి పొర మిగిలితే, వేడి దాటడానికి అది ఒకటిన్నర మీటర్ల మందం రాగి దిమ్మంత అడ్డు. మామూలు కాగితం మందం కూడా అంతే. అందుకే పరీక్ష సులువు: కాగితం ముక్క ఒకటి తీసుకుని అతుకు పొడవునా దూర్చి చూడు. దూరిన ప్రతిచోటా రేకు పని చెయ్యనట్టే. తీగతో కట్టినవీ, క్లిప్పులతో బిగించినవీ ఈ పరీక్షలో నిలవవు.

రేకులో గొట్టాన్ని సగానికి పైగా కౌగిలించుకునే గాడి కొట్టాలి. గట్టి చెక్కలో గాడి చెక్కి, దానిమీద రేకు పరిచి, పైన ఇనుప కడ్డీ పెట్టి కొట్టు. కొట్టాక అల్యూమినియం కాస్త విచ్చుకుంటుంది, కనుక కడ్డీ గొట్టంకంటే వెంట్రుకవాసి సన్నగా ఉండాలి. గాడిలో వేడికి తట్టుకునే సిలికాన్ పల్చగా పూసి, వెనక అల్యూమినియం పట్టీ వేసి 10 సెంటీమీటర్లకొక రివెట్ కొట్టు. సిలికాన్ గాలికంటే ఏడెనిమిది రెట్లు నయమే గానీ లోహం ముందు ఎందుకూ కొరగాదు. దట్టంగా పూస్తే అదే అడ్డవుతుంది. ఇంకో మాట: 2 మీటర్ల పొడవున 100 డిగ్రీలు పెరిగితే అల్యూమినియం 4.6 మిల్లీమీటర్లు సాగుతుంది, రాగి 3.4. రేకును రెండు చివర్లా బిగించేస్తే ఉబ్బి గొట్టాన్ని వదిలేస్తుంది. ఒక చివర వదులుగా ఉంచు.

పంపు లేకుండా నీళ్లు వాటంతట అవే తిరగాలంటే నిచ్చెన అమరికే. చన్నీళ్లు కింద ఒక మూల లోపలికి వస్తే, వేణ్ణీళ్లు పైన ఎదుటి మూల బయటికి పోవాలి. రెండూ ఒకే పక్కన పెడితే అవతలి గొట్టాల్లో నీళ్లు నిద్రపోతాయి. పంపు ఉంటే మెలికల గొట్టమూ బాగానే పనిచేస్తుంది. కాకపోతే అడ్డంగా పోయే ప్రతి వరుసా కాస్త పైకి వాలి ఉండాలి, లేకపోతే గాలి ఇరుక్కుంటుంది.

ఇక రేకుకు పూసే రంగు. మామూలు మాట్ నలుపు ఎండను 95 శాతం పీలుస్తుంది, ఆ వేడిమి దగ్గర ఏ వస్తువైనా వెదజల్లగలిగే గరిష్ఠ వేడిలో 90 శాతం వెదజల్లుతుంది కూడా. సెలెక్టివ్ కోటింగ్ అనే ప్రత్యేకమైన పూత అంతే పీల్చి, 5 నుంచి 10 శాతమే వెదజల్లుతుంది. గోరువెచ్చని నీళ్లకు ఈ తేడా పట్టదు, 60 డిగ్రీలు కావాలంటే మాత్రం పట్టించుకోవాలి. పెయింట్ వేస్తే ఎండలో నాలుగైదు రోజులు ఆరనిచ్చాకే అద్దం మూయి. తొందరపడితే దాని ఆవిరి అద్దం లోపలివైపు పొగలా పేరుకుంటుంది. వేడి పోకుండా రేకు వెనకాల థర్మోకోల్ వద్దు, 80 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. రాక్‌వుల్ (రాతి పీచు) వెయ్యి.

రేకు పెట్టెకు బదులు వచ్చే వాక్యూమ్ ట్యూబులు (గాలి తీసేసిన జంట గాజు గొట్టాలు) ఎప్పుడూ గొప్పే అనుకోకు. చదరపు మీటరుకు 800 వాట్ల ఎండలో, గాలికంటే 10 డిగ్రీలు వేడిగా ఉన్న నీళ్లకు మంచి ఫ్లాట్ ప్లేట్, అంటే ఈ రేకు పెట్టె, పడ్డ ఎండలో 73 శాతం ఇస్తే ట్యూబులు 63 ఇస్తాయి. తేడా 60 డిగ్రీలైతే తిరగబడి 48కి 54 అవుతుంది. 40 దగ్గర రెండూ ఇంచుమించు సమానం.

కట్టాక కొలవాలి. బయటికొచ్చే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఒక్కటే చూస్తే మోసపోతావు. ధార సన్నగా వదిలితే చెత్త రేకు కూడా మరిగిస్తుంది. నిమిషానికి ఎన్ని లీటర్లో బకెట్, గడియారంతో చూడు. దాన్ని పెరిగిన డిగ్రీలతో, తర్వాత 70తో గుణిస్తే వాట్లు వస్తాయి. 1.5 లీటర్లు, 10 డిగ్రీలు అంటే 1050 వాట్లు. 2 చదరపు మీటర్ల మీద 800 చొప్పున 1600 వాట్ల ఎండ పడుతుంటే దాదాపు 66 శాతం. మబ్బు లేని మధ్యాహ్నం, ధార మార్చకుండా పావుగంట ఆగాక చూడు. తొట్టి చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాక ఒకసారి. రెండుసార్లూ నీడలో గాలి ఎన్ని డిగ్రీలుందో పక్కనే రాసుకుని నాకు పంపు.