సౌర తుఫానుల మీద ఆసక్తి ఉన్న అమ్మాయికి ఏఐ కోర్సా, ఫిజిక్సా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. అంతరిక్ష నౌకల డేటాతో, మెషీన్ లెర్నింగ్ సాయంతో సౌర తుఫానులను ముందే పసిగట్టే పని చేస్తానంటోంది. అదే చేయాలనుకుంటే ఫిజిక్స్ మానేసి ఏఐ కోర్సులో చేరమంటున్నాం. రెండింట్లో ఏది మేలు?

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, రేపు ఉద్యోగం రాకపోతే ఎలా అన్నదే మీ టెన్షన్. ముందు అది పక్కన పెట్టండి. ఈ పనిలో పిల్లలు నేర్చుకునేది గజిబిజి డేటాను శుభ్రం చేయడం, కోడ్ రాయడం, అరుదుగా జరిగేదాన్ని పట్టుకోవడం. బ్యాంకు మోసాలు కనిపెట్టాలన్నా, వాతావరణం అంచనా వేయాలన్నా కావాల్సింది ఇదే. సూర్యుడి మీద ఉద్యోగం దొరక్కపోయినా అమ్మాయి చదువు ఎక్కడికీ పోదు.

ఇక ఉత్త ఏఐ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఓసారి ఒక విద్యార్థి ల్యాప్‌టాప్ తెరిచి, పెద్ద సౌర జ్వాలలను, అంటే సూర్యుడి మీద హఠాత్తుగా జరిగే పేలుళ్లను, తన మోడల్ 99 శాతం సరిగ్గా చెబుతోందని చూపించాడు. నిజంగా జ్వాల వచ్చిన రోజుల్లో ఎన్ని పట్టిందని అడిగాను. ఆ గడిలో సున్నా ఉంది! పెద్ద జ్వాలలు అరుదు కాబట్టి రోజూ 'రాదు' అన్నా మార్కులు వచ్చేస్తాయి.

ఇంకో పొరపాటు దీనికంటే లోతైనది. 2010లో వెళ్లిన నాసా వారి ఎస్‌డీఓ (సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ) నౌక ప్రతి 12 సెకన్లకు సూర్యుణ్ణి ఫొటోలు తీస్తుంది. వాటిని కలిపేసి సగం మోడల్ శిక్షణకు, సగం పరీక్షకు పంచితే ఒకే సూర్యమచ్చ (సూర్యుడి మీద నల్లగా కనిపించే, జ్వాలలు పుట్టే చోటు) రెండు వైపులా ఉంటుంది. ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టే. మచ్చ రోజుల తరబడి బతుకుతుందని తెలిసినవాళ్లే దీన్ని పట్టుకుంటారు.

పైగా భూమికి దెబ్బ ఎంతన్నది, సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాల మేఘంలో అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది కచ్చితంగా తెలిసేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని నౌకలను మేఘం తాకాకే. అప్పటికి మిగిలేది గంటలోపు సమయం. 1989 మార్చిలో సౌర తుఫాను దెబ్బకు కెనడాలోని క్యూబెక్ విద్యుత్ గ్రిడ్ రెండు నిమిషాల్లోపే కుప్పకూలి, లక్షలాది మంది దాదాపు 9 గంటలు చీకట్లో ఉన్నారు. మెషీన్ లెర్నింగ్ ఈ హెచ్చరిక గడువును పెంచగలదనే ఆశ నాకూ ఉంది. కానీ ఫిజిక్స్ తెలియని చేతుల్లో కాదు. ఫిజిక్స్ చదివినవాళ్లు ఏఐని పక్కన నేర్చుకోగలరు. అటునుంచి ఇటు రావడం చాలా కష్టం.

ఒక మాట కటువుగానే అంటున్నాను. ఆ అమ్మాయికి ఈ ఆసక్తి ఎలా పుట్టిందో మీరు రాయలేదు. అసలు అడిగారా? అడక్కుండానే చదువు మానేయమనడం ఏమిటండీ?

ఎస్‌డీఓ డేటా ఉచితం. ఈ సెలవుల్లో సూర్యమచ్చల అయస్కాంత కొలతలతో చిన్న మోడల్ కట్టమనండి. 'ఇవాళ ఉన్నట్టే రేపూ ఉంటుంది' అనే మొరటు అంచనాతో పోటీకి పెట్టమనండి. ఓడిపోయినా ఫరవాలేదు. ఎందుకు ఓడిందో తను చెబుతుంటే మీరు పక్కన కూర్చుని వినండి.