బాత్రూమ్ టైల్స్ మార్చే ముందు ఇవి చూడండి

మీ నాన్నగారికి 76, అమ్మగారూ ఆయనా ఊళ్ళో ఇద్దరే ఉంటున్నారు, ఈ మధ్య రెండుసార్లు పడ్డారు, బాత్రూమ్ పగలగొట్టించి యాంటీ స్కిడ్ టైల్స్ వేయించాలా అని కదా అడిగారు. వేయించండి, తప్పులేదు, కానీ మొదట చేయాల్సిన పని అది కాదండి. ఆ రెండుసార్లూ ఎక్కడ పడ్డారు, ఏ టైమ్‌లో పడ్డారు, అప్పుడే మంచం మీంచి లేచారా అన్నది అమ్మగారిని అడగండి (నాన్నగారిని అడిగితే ఏం కాలేదులే అంటారు).

మా నాన్నది ఇదే కేసు. తెనాలి దగ్గర పల్లెటూరు, పాత ఇల్లు, రాత్రి బాత్రూమ్‌కి లేచి రెండడుగులు వేశారో లేదో పడిపోయారు. ఇంట్లో అందరూ జారాడు జారాడు అన్నారు గానీ అక్కడ నేల పొడిగానే ఉంది. నేను వెళ్ళాక బీపీ మెషిన్ తెచ్చి పడుకోబెట్టి చూస్తే పై నంబర్ 138, లేపి నిలబెట్టి రెండు నిమిషాలాగి చూస్తే 110, అప్పుడే "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయిరా" అన్నారు. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై నంబర్ 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే డాక్టర్‌కి చెప్పి తీరాలి. మందులన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్తే ఆయన చూసి, బీపీ మాత్రలో ఒంట్లో నీరు లాగే మందు కూడా ఉంది, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవాల్సి వస్తుంది అని పొద్దుటికి మార్చారు, ప్రోస్టేట్ మాత్ర వల్ల కూడా లేచినప్పుడు తల తిరగొచ్చన్నారు. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపడం, టైమ్ మార్చడం చేయొద్దు. లేచేటప్పుడు మాత్రం మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్ళు నాలుగుసార్లు ఆడించి అప్పుడు లేవమని చెప్పండి, ఇది రోజూ చెప్తూనే ఉండాలి.

తర్వాత మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రిపూట లైట్ వేయకుండా మీరొకసారి నడిచి చూడండి, అన్నీ మీకే తెలిసిపోతాయి. గడప, దాని ముందు పాత చీర మడిచి వేసిన కాళ్ళ పట్టా, ఫోన్ చార్జర్ వైరు, మంచం కింద సగం బయటికొచ్చిన ట్రంకు పెట్టె. పట్టాలు తీసేయండి, లేదా కింద రబ్బరున్నవి కొనండి. గడపకి పసుపు రాసున్నా చీకట్లో ఏం కనపడుద్ది, మనిషి కదిలితే వెలిగే చార్జింగ్ లైట్లు వస్తున్నాయి, గడప దగ్గర ఒకటి బాత్రూమ్ దగ్గర ఒకటి అంటించండి, కరెంటు పోయినా వెలుగుతాయి. లుంగీ కాలి మడమ కింద పడకుండా కాస్త పైకి కట్టుకోమనండి, అరిగిపోయిన హవాయి చెప్పులైతే ఈరోజే పారేయండి.

బాత్రూమ్‌లో నా ఉద్దేశంలో టైల్స్ కంటే పట్టుకుని లేవడానికి గోడకి బిగించే స్టీల్ రాడ్ ముఖ్యం. పెద్దవాళ్ళు టవల్ రాడ్ పట్టుకుని లేస్తారు, అది మనిషి బరువుకి ఊడి చేతికొస్తుంది. రాడ్ ఎక్కడ పెట్టాలో మేస్త్రీని నిర్ణయించనివ్వకండి, నాన్నని కమోడ్ మీద కూర్చోబెట్టి లేవమంటే చెయ్యి తనంతట తను ఎక్కడికి వెళ్ళిందో అక్కడే పెన్సిల్‌తో గీత పెట్టి డ్రిల్ చేయించాం. యాంకర్ బోల్టులు వేయించాలి, ప్లాస్టిక్ గట్టీలు చాలవు, పాత గోడ గుల్లగా ఉంటే ముందు ఆ చోటు సిమెంటుతో గట్టి చేయించండి. బిగించాక మీరే మొత్తం బరువు వేసి లాగి చూడండి. తలంటు రోజు నూనె, సున్నిపిండి నేల మీద పడి జర్రున జారుతుంది, స్నానం కూర్చునే చేయమనండి, స్టూల్ కాళ్ళకి రబ్బరు బుష్‌లు ఉండాలి.

పడతారేమోనని నడక మాన్పించొద్దు, కాళ్ళలో బలం తగ్గితే ఇంకా పడతారు. చేతులాసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ కాసేపు చేయించండి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఒకవేళ మళ్ళీ పడితే రెక్క పట్టి లేపేయకండి. తొంటి దగ్గర నొప్పి ఉండి కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపిస్తే కదపకుండా 108 కి ఫోన్ చేయండి. తలకి దెబ్బ తగిలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పైకి బాగానే ఉన్నా హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, లోపల రక్తస్రావం నెమ్మదిగా మొదలవ్వొచ్చు.

మీ నాన్నగారు వాడేవాటిలో నిద్ర మాత్ర ఏమైనా ఉందా? ఉంటే దానివల్ల కూడా పడుతున్నారేమో ఈ వారంలోనే డాక్టర్‌ని అడగండి, టైల్స్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.