నిలబడి బిల్లు కొట్టడమే కదా అంటే ఏం చెప్పను

"రిటైల్ స్టోర్‌లో పని నిజంగా అంత కష్టమా? ఏసీలో నిలబడి బిల్లులు కొట్టడమే కదా?" అని అడిగారు. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. నిలబడి అన్నారు చూశారా, అదే.

నాలుగేళ్లు బిల్లింగ్ కౌంటర్‌లో చేశాను. పది గంటల షిఫ్టు, మధ్యలో భోజనానికి అరగంట. మిగతా సమయమంతా కూర్చోవడం సంగతి అటుంచి, గోడకి ఆనుకున్నా ఊరుకునేవాళ్లు కాదు. మొదటి వారం అరికాళ్లు మండాయి. తర్వాత మడమలు పట్టుకున్నాయి. ఏడాది తిరిగేసరికి అర్ధరాత్రి పిక్కలు బిగుసుకుపోయి లేచి కూర్చునేదాన్ని. "నిలబడితే వ్యాయామమే కదా" అనేవాళ్లు కూడా ఉన్నారు. నడవడం వేరు, నిలబడడం వేరండీ. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుస్తూ, వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తాయి. ఉన్నచోటే గంటలకొద్దీ నిలబడితే ఆ తోపు ఉండదు, రక్తం కిందే నిలిచి సిరల మీద ఒత్తిడి పెరుగుతుంది. నా పక్క కౌంటర్ అక్కది తొమ్మిదేళ్ల సర్వీసు. ఆవిడ మోకాళ్ల వెనక సిరలు మెలితిరిగి నీలంగా ఉబ్బి ఉండేవి. అవి ఆ పని వల్ల వచ్చినవే. ఈ మాట నాకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

ఒక ఆఫర్ల రోజు. ఐదు కౌంటర్లలో ఇద్దరు సెలవు. లైన్లు వెనక ర్యాకుల దాకా వెళ్లిపోయాయి. భోజనానికి కూడా వదల్లేదు. సాయంత్రం ఐదు దాటాక నా ముందు కాస్త ఖాళీ దొరికింది. కౌంటర్ కింద స్టాకు వచ్చిన నీలం ప్లాస్టిక్ క్రేటు ఒకటి ఉంటే బోర్లించి కూర్చున్నాను. నిమిషం కూడా కాలేదు, ఒకాయన బుట్ట తెచ్చి పెట్టాడు. లేవబోయాను గానీ కాళ్లు సహకరించలేదు. సరే, చేతులు పనిచేస్తున్నాయి కదా అని కూర్చునే స్కాన్ చేయడం మొదలుపెట్టాను.

"ఏమ్మా, మేం నిలబడి ఉంటే నువ్వు దర్జాగా కూర్చుని కొడతావా? మర్యాద తెలీదా?"

వెంటనే లేచాను. సారీ సార్ అన్నాను. ఆయన ఆపలేదు, మేనేజర్‌ని పిలవమన్నాడు. ఆయన తిడుతున్నంతసేపూ నా చేతులు ఆయన సామానే సర్దుతున్నాయి. బరువైనవి అడుగున, గాజు సీసా పక్కకి ఒరగకుండా నిలబెట్టి. మేనేజర్ సార్ వచ్చి ముందు ఆయనకి క్షమాపణ చెప్పారు. తర్వాత అందరి ముందూ ఆ క్రేటు తీసి గోడౌన్‌లోకి పట్టుకెళ్లారు. నాతో ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు స్టాఫ్ గది తలుపు మీద కాగితం అంటించి ఉంది: డ్యూటీలో కూర్చోరాదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. కేరళలోని కోళికోడ్‌లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు, విజి పెన్‌కూట్టు అనే కార్యకర్త ముందు నిలవగా, ఏళ్లపాటు దీనికోసమే పోరాడారు. 2018లో కేరళ షాపుల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. బ్రిటన్‌లో 1899లోనే, షాపులో ముగ్గురు ఆడ ఉద్యోగులకి ఒక కుర్చీ చొప్పున ఉంచాలని చట్టం చేశారు. జర్మనీ సూపర్‌మార్కెట్లలో క్యాషియర్లు కూర్చునే బిల్లు చేస్తారు, అక్కడ వ్యాపారం ఏమీ ఆగిపోలేదు. కూర్చుంటే బిల్లింగ్ నెమ్మదిస్తుందనే మాట పచ్చి అబద్ధం. బిల్లు కొట్టేవి వేళ్లు, కాళ్లు కాదు.

మిగతా కష్టాలు లేవని కాదు. షట్టర్ దించాక క్యాష్ టాలీ చేయాలి, ఆ సమయానికి జీతం లేదు. తగ్గితే మన జీతంలో కోస్తారు, ఎక్కువొస్తే కంపెనీకి జమ. బార్‌కోడ్ రీడ్ కాకపోతే "అయితే ఫ్రీనా?" అనే జోకు రోజుకి పదిసార్లు వినాలి, పదిసార్లూ నవ్వాలి. ఎక్స్‌పైరీ దగ్గరున్న సరుకు ముందుకి, కొత్తది వెనక్కి సర్దుతాం. వెనక దాని కోసం చెయ్యి పెట్టి వరసంతా పడేసి వెళ్లిపోతారు. నాకు ఒళ్లు మండేది మాత్రం ఫ్రిజ్ సరుకు దగ్గర. వద్దనుకున్న ప్యాకెట్‌ని సబ్బుల అరలో వదిలేస్తారు. ఎప్పటినుంచి బయట ఉందో తెలీదు కాబట్టి అది పారేయాల్సిందే. తీసినచోట పెట్టడానికి పది అడుగులు వెయ్యలేరా?

అయినా ఇవన్నీ భరించవచ్చు. కాళ్లు పోతే తిరిగి రావు.

మీరు ఈ ఉద్యోగంలో చేరాలనుకునే అడిగి ఉంటే, ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు "కౌంటర్ దగ్గర కుర్చీ ఉంటుందా?" అని అడగండి. ఆ స్టోర్ మానేశాక నేను వెళ్లిన రెండు చోట్లా అదే అడిగాను. మొదటి చోట నవ్వారు, లేచి వచ్చేశాను. రెండో చోట ఆవిడ ఏమీ మాట్లాడకుండా నన్ను బిల్లింగ్ దగ్గరికి తీసుకెళ్లి, కౌంటర్ కిందనుంచి స్టూలు లాగి చూపించింది. అక్కడే చేరాను.