సారాయెవో హత్యకి బ్రిటన్ ఎందుకు మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది?

మీకు లింకు తెగింది బెల్జియం దగ్గరండి. ఎక్కడో సారాయెవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజుని చంపితే బ్రిటన్‌కేం పని అని అడిగారు కదా, గైడ్లు హత్య నుంచి నేరుగా కూటములకి దూకేస్తాయి. వరుస ఇదీ:

1. 1914 జూన్ 28 హత్య. దాని వెనక సెర్బియా ఉందంటూ జూలై 28న సెర్బియాపై ఆస్ట్రియా-హంగరీ యుద్ధ ప్రకటన.

2. సెర్బియాకి అండగా రష్యా సైన్య సమీకరణ. ఆగస్టు 1న రష్యాపై జర్మనీ యుద్ధం.

3. అందరూ వదిలేసేది ఇదే. రష్యా సైన్యం పూర్తిగా కూడేలోపే దాని మిత్రదేశం ఫ్రాన్స్‌ని ఓడించేయాలన్నది జర్మనీ ప్లాన్, దానికి దారి బెల్జియం గుండా, అందుకే గొడవ తూర్పున మొదలైనా పెద్ద దాడి పడమట జరిగింది.

4. బెల్జియం తటస్థతకి 1839 లండన్ ఒప్పందంలో బ్రిటన్ హామీ ఉంది. ఆగస్టు 4న జర్మన్లు సరిహద్దు దాటారు, అదే రోజు బ్రిటన్ దిగింది. (ఫ్రాన్స్ ఓడితే తన గతేంటన్న భయమూ ఉందనుకోండి.)

ఫ్రాన్స్‌తో 1904 ఒప్పందంలో యుద్ధానికి రావాలన్న షరతు లేదు, కాబట్టి ఉత్త "కూటమి వల్ల" అని రాయకండి.